టెక్సాస్‌లో జింకల వేటకు భూమి కొని, పెద్ద కొమ్ముల మగ జింకలను పెంచుకోవడం ఎలా?

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు కొందరు తరచూ రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. వారాంతంలో వెళ్లిరాగల దూరంలో వేటకు పనికివచ్చే భూమిని ఎలా ఎంచుకోవాలన్నది మొదటిది. అందులో తిరిగే మగ జింకలకు మంచి కొమ్ములు రావాలంటే ఏం చేయాలన్నది రెండవది. ఈ రెండింటినీ విడదీసి చూడటం వల్లనే చాలామంది భూమి కొన్నాక చిక్కుల్లో పడుతున్నారు. అందుచేత ఇక్కడ రెండింటినీ కలిపి వరుసగా వివరిస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్‌లోని తెల్లతోక జింకకే వర్తిస్తుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల దుప్పినైనా, కణుజునైనా వేటాడటం నేరం. సొంత పొలంలోకి వచ్చిందన్న సాకు అక్కడ చెల్లదు.

కొమ్ము పెద్దది కావడానికి వయసు, మేత, వంశం అనే మూడు కారణాలున్నాయి. వంశాన్ని మార్చడం మీ వల్ల కాదు, మేతను కొంతవరకు మార్చగలరు. వయసు మాత్రం సగం మీ చేతిలోనూ, సగం కంచెకు అవతలివాళ్ల చేతిలోనూ ఉంటుంది. అందుకే చెట్టూ చేమా చూడకముందే పొరుగువారెవరో చూడమని ఇందులో ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వస్తుంది.

## 1. భూమి వెతకకముందు సరిచూసుకోవలసినవి

తుపాకీ విషయం ముందు తేల్చుకోవాలి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు కలిగి ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. అయితే టెక్సాస్ వార్షిక వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. తుపాకీ ఇంట్లో ఉండగా సెప్టెంబరు 1న చేతిలో కొత్త లైసెన్సు లేకపోతే ఆ మినహాయింపు కూడా పోయినట్టే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. వీసాపై ఉన్నవారు మాత్రం తుపాకీ కొనకముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి సంప్రదించడం మంచిది.

1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారు టెక్సాస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ పూర్తిచేయాలి.

నా సలహా ఏమిటంటే, ఒక సీజను ఎవరి రాంచ్‌లోనైనా హంటింగ్ లీజు తీసుకుని చూడండి. తెల్లవారుజామున చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం అందరికీ నచ్చదు. ఆ సంగతి లీజు సొమ్ముతో తెలిస్తే నష్టం తక్కువ.

సరిచూసుకోవలసినవి:
- వీసా స్థితి, తుపాకీ అర్హత
- హంటర్ ఎడ్యుకేషన్ ధ్రువపత్రం, ఆ ఏటి లైసెన్సు
- డౌన్ పేమెంట్ (భూమి రుణాలకు సాధారణంగా 20 శాతమో, అంతకు మించో అడుగుతారు)
- ఇంటి నుంచి భూమికి ప్రయాణ సమయం, కుటుంబం అంగీకారం

ఇంటి రుణాలిచ్చే బ్యాంకులు చాలావరకు పల్లె భూమి జోలికి రావు. ఫార్మ్ క్రెడిట్ వ్యవస్థలోని సహకార రుణసంస్థలను, ఆ కౌంటీలోని చిన్న బ్యాంకులను ముందుగా అడగండి.

## 2. ప్రాంతాన్ని ఎంచుకోవడం

ఆస్టిన్‌కు పడమరగా ఉన్న హిల్ కంట్రీలో, ముఖ్యంగా లానో, మేసన్ కౌంటీలలో, జింకలు విస్తారంగా ఉంటాయి. వేటకు వెళ్లిన ప్రతిసారీ జింక కనబడాలనుకునేవారికి అది అనువైన చోటు. కానీ నేల పలుచన, జింకలు కిక్కిరిసి ఉంటాయి, అందువల్ల వాటి శరీరాలూ కొమ్ములూ చిన్నవిగా ఉంటాయి.

వెబ్, డిమిట్, లా సాల్ వంటి దక్షిణ కౌంటీల ముళ్లపొదల ప్రాంతం పెద్ద కొమ్ములకు పేరు పొందింది. అక్కడ కనబడే మెస్కీట్ చెట్టు మన పల్లెల్లోని సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. వాన తక్కువ కావడంతో ఏటికీ ఏటికీ కొమ్ముల పరిమాణంలో తేడా ఎక్కువగా ఉంటుంది, పైగా అక్కడి భూములు పెద్ద పెద్ద కమతాలుగానే అమ్మకానికి వస్తాయి. తూర్పు టెక్సాస్‌లో వానకు, పచ్చదనానికి లోటులేదు. అయితే అక్కడ కమతాలు చిన్నవి, వేటగాళ్లు ఎక్కువ, కాబట్టి మగ జింక ముసలిది కావడం కష్టం.

చిన్న బడ్జెటు, చిన్న పిల్లలు ఉన్న కుటుంబానికి నేనైతే హిల్ కంట్రీనే సూచిస్తాను. రికార్డు పుస్తకాలకు ఎక్కే కొమ్ములే లక్ష్యమైతే దక్షిణానికి వెళ్లక తప్పదు.

## 3. విస్తీర్ణం, ఆకారం, పొరుగు

ఎదిగిన మగ జింక సంచరించే పరిధి వందల ఎకరాలు ఉంటుంది, ఒక్కోసారి చదరపు మైలును, అంటే 640 ఎకరాలను కూడా దాటుతుంది. ఎదకాలంలో అది ఇంకా దూరం పోతుంది. పైగా మగ కూనలు ఏడాదిన్నర వయసు వచ్చేసరికి పుట్టిన చోటు విడిచి వేరే చోటికి పోవడం సర్వసాధారణం. అంటే మీ నూరెకరాల్లో పుట్టి, మీ మేత తిని పెరిగిన మగది చివరకు ఎవరి కొండమీదో తేలుతుంది, మీ స్టాండు (వేటకు మాటువేసి కూర్చునే చోటు) ముందుకు వచ్చేది ఇంకెవరి పొలంలోనో పుట్టింది.

కాబట్టి చిన్న భూమి కొనేవారు అసలు ఎంచుకోవలసింది ఇరుగుపొరుగును. చుట్టూ వేలాది ఎకరాల పెద్ద రాంచ్ ఉండి, దాని యజమాని చిన్న మగవాటిని కాల్చనివ్వకపోతే, దాని పక్కనున్న ఎనభై ఎకరాలు కూడా బంగారమే. నాలుగు వైపులా పదేసి ఎకరాల ముక్కలుండి, ప్రతి ముక్కలోనూ జింకలను రప్పించే మేత డబ్బా, అంటే ఫీడరు, వేలాడుతుంటే మూడొందల ఎకరాలున్నా ఫలితం అంతంతమాత్రమే. ఆస్తి పన్ను కోసం భూముల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పటాల్లో చుట్టుపక్కల సర్వే హద్దులు, విస్తీర్ణాలు ఉచితంగా చూడవచ్చు. బేరం మొదలుపెట్టకముందే ఆ పటం తీసి పరిశీలించండి.

ఆకారం విషయంలో, పొడవుగా సన్నగా సాగిన ముక్క కన్నా చతురస్రానికి దగ్గరగా ఉన్నది మేలు, ఎందుకంటే నడుమ మనిషి అడుగుపెట్టని జాగా మిగులుతుంది. తూటా పొరుగువారి హద్దు దాటకుండా చూసే బాధ్యత మీదే. వారి రాతపూర్వక అనుమతి లేకుండా హద్దు దాటేలా తెలిసి కాల్చడం టెక్సాస్‌లో నేరం, సన్నటి ముక్కలో ఆ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. పెద్ద రాంచ్‌ను ముక్కలు చేసి అమ్మే వెంచర్లలో వేటను నిషేధించే దస్తావేజు షరతులు (డీడ్ రిస్ట్రిక్షన్లు) కూడా ఉంటాయి. ప్రకటనలో జింక బొమ్మ ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టు కాదు.

## 4. నేలమీద నడిచి చూడవలసినవి

ఏజెంటు బగ్గీ ఎక్కించుకుని తిప్పితే సరిపోదు, దిగి నడవాలి. వేసవి చివరలో గానీ, సీజను ముగిశాక జనవరి, ఫిబ్రవరిలో గానీ చూడటం మంచిది. వసంతంలో ఏ భూమైనా అందంగానే ఉంటుంది.

మొదట ఎల్మ్, హ్యాక్‌బెర్రీ, గ్రీన్‌బ్రయర్ తీగ వంటి జింకలు ఇష్టపడి తినే మొక్కలను వెతికి, వాటి కింద కాసేపు నిలబడండి. నేల నుంచి జింక మూతి అందేంత ఎత్తువరకు, అంటే మన ఛాతీ ఎత్తువరకు, ఒక్క ఆకైనా లేకుండా కత్తెరతో కోసినట్టు గీత కనబడితే అక్కడ మేతకు మించి నోళ్లున్నాయని అర్థం. అవి సామాన్యంగా ముట్టని జూనిపర్ అనే సతతహరిత చెట్టు కొమ్మలు కూడా కింద కొరికి ఉంటే పరిస్థితి ఇంకా విషమించినట్టు. అలాంటి భూమిని వదులుకోనక్కరలేదు గాని, ధర అడిగేటప్పుడు ఆ గీతను మనసులో పెట్టుకోండి. అది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తరువాత కంచె వెంట నడవండి. జింక కంచెను ఎగిరి దాటడం కన్నా కింద తీగ ఎత్తుగా ఉన్నచోట దూరడానికే ఇష్టపడుతుంది. అక్కడ మట్టి నున్నగా అరిగి ఉంటుంది, ముళ్లతీగకు బూడిదరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. ఆ చోట్లన్నీ ఫోనులో గుర్తు పెట్టుకుంటే తరువాత స్టాండ్లు ఎక్కడ కట్టాలో సగం తేలిపోతుంది.

నడకలో గమనించవలసినవి:
- ఎండాకాలంలోనూ ఎండని కుంట, వాగు లేదా పనిచేసే బోరు
- ఓక్ చెట్లు గుంపులుగా ఎండిపోయి ఉన్నాయా (ఓక్ విల్ట్ తెగులు కావచ్చు)
- అడవిపందులు తవ్విన గుంతలు
- మేకలు, గొర్రెలు మేస్తున్నాయా (మేక జింక తినే ఆకునే తింటుంది, ఆవు ప్రధానంగా గడ్డి తింటుంది)
- దక్షిణపు గాలి, ఉత్తరపు గాలి రెండింటిలోనూ జింకలకు వాసన తగలకుండా లోపలికి వెళ్లే దారి

నేల స్వభావానికి అమెరికా వ్యవసాయ శాఖ వారి వెబ్ సాయిల్ సర్వేలో ఆ ముక్క గీసి చూస్తే చాలు.

## 5. కాగితాలు

మన దగ్గర ఈసీ తీసి, పాస్‌బుక్ చూసి, లింకు డాక్యుమెంట్లు న్యాయవాదికి చూపించే అలవాటు ఇక్కడా పనికివస్తుంది, మనిషి మాత్రం మారతాడు. ఇక్కడ భూమి హక్కును పరిశీలించి దానికి బీమా చేసేది టైటిల్ కంపెనీ. అది ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి అనే భాగం ఉంటుంది. బీమా దేనికి వర్తించదో అందులోనే రాసి ఉంటుంది కాబట్టి, మిగతా పేజీలు చదివినా చదవకపోయినా ఆ భాగం మాత్రం పూర్తిగా చదవండి.

ఖనిజ హక్కులు. టెక్సాస్‌లో భూమి ఉపరితలం ఒకరిదీ, కింది చమురు, గ్యాస్ మరొకరివీ కావచ్చు. చట్టం దృష్టిలో ఖనిజ హక్కుదారుదే పైచేయి, అతడు తన అవసరానికి తగినంత ఉపరితలాన్ని వాడుకోగలడు. ఖనిజ హక్కులు దొరక్కపోయినా, కనీసం ఉపరితలాన్ని వాడుకోబోమన్న సర్ఫేస్ వేవర్ వస్తుందేమో అడగాలి.

దారి. పబ్లిక్ రోడ్డును ఆనుకుని లేని భూమికి దారి హక్కు రిజిస్టరైన ఈజ్‌మెంటు రూపంలో ఉండాలి. ‘పక్కాయన ఎప్పుడూ అడ్డు చెప్పలేదు’ అన్న మాట చెల్లదు. ఉమ్మడి గేటుకు చాలాచోట్ల నాలుగైదు తాళాలు గొలుసుకట్టుగా ఒకదానిలో ఒకటి వేసి ఉంటాయి. మీ తాళాన్ని కూడా ఆ వరుసలోనే కలపాలి. తెలియక గొలుసు రెండు కొసలనూ కలిపి మీ ఒక్క తాళమే వేశారంటే మిగతావాళ్లందరినీ బయటపెట్టినట్టే, కొత్త పొరుగుతో మొదటి పరిచయం అలా జరగకూడదు.

పన్ను. టెక్సాస్‌లో ఆస్తి పన్ను భారీగా ఉంటుంది. అయితే వ్యవసాయ వాల్యుయేషన్ ఉన్న భూమికి మార్కెట్ ధరపై కాక, ఉత్పాదక విలువపై పన్ను వేస్తారు. ఆ వాల్యుయేషన్ ఇప్పటికే ఉన్న భూమిని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ వినియోగానికి మార్చుకుంటే పశువులు లేకుండానే తక్కువ పన్ను కొనసాగుతుంది. అందుకు ఆవాస నియంత్రణ, నేలకోత నివారణ, హానికర జంతువుల నియంత్రణ, అదనపు నీరు, అదనపు మేత, ఆశ్రయాలు, జంతు గణన అనే ఏడింటిలో కనీసం మూడు చేసి చూపించాలి. కొత్త యజమాని మే 1కి ముందే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. పెద్ద రాంచ్ నుంచి ఈమధ్యే కోసిన ముక్కకు కనీస విస్తీర్ణ నిబంధన వర్తించవచ్చు. సంతకం పెట్టకముందే అప్రైజల్ డిస్ట్రిక్టుకు ఫోను చేసి, ‘ఈ ముక్క, ఈ విస్తీర్ణంతో, వన్యప్రాణి వినియోగానికి అర్హమేనా’ అని అడగండి. వ్యవసాయ వాల్యుయేషన్ అసలే లేని భూమికి దాన్ని సంపాదించాలంటే అంతకుముందు ఏడేళ్లలో ఐదేళ్లు సాగులోనో, మేతలోనో ఉండాలి.

సంతకానికి ముందు:
- కొత్త సర్వే, హద్దు రాళ్లు
- షెడ్యూల్ బి లోని ప్రతి మినహాయింపు కాగితం ప్రతి
- అమలులో ఉన్న మేత లీజు, వేట లీజు వివరాలు
- వరద పటం
- ఇవన్నీ చూసుకునేంత ఆప్షన్ పీరియడ్ (ఒప్పందం నుంచి తప్పుకోగల గడువు)

## 6. మొదటి ఏడాది: లెక్కపెట్టడం

కొన్న నెలలోనే బుల్డోజరు తెప్పించి జింకల మేత కోసం విత్తే ఫుడ్ ప్లాట్లు దున్నించాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఆగండి. మీ భూమిలో ఏముందో తెలియకుండా ఏం మార్చాలో తెలియదు.

టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖలో ప్రతి కౌంటీకి ఒక వన్యప్రాణి జీవశాస్త్రవేత్త ఉంటారు. అడిగితే మీ భూమికి వచ్చి, చూసి, ఉచితంగా సలహా ఇస్తారు. ఇంత విలువైన సాయాన్ని చాలామంది వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

గణనకు, జంతువు కదలగానే దానంతటదే ఫోటో తీసే ట్రైల్ కెమెరాలు చాలు. ఆగస్టు, సెప్టెంబరులో, కొమ్ములు పూర్తిగా ఏర్పడ్డాక, సుమారు వంద ఎకరాలకు ఒక కెమెరా చొప్పున మొక్కజొన్న పోసిన చోట పెట్టి రెండు వారాలు ఉంచండి. ప్రతి మగదానికీ కొమ్ముల తీరు వేరు కాబట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తించవచ్చు. మొత్తం ఫోటోల్లో మగ, ఆడ, కూనల నిష్పత్తి తీసి, గుర్తించిన మగవాటి సంఖ్యకు దాన్ని వర్తింపజేస్తే మిగతా రెండింటి అంచనా వస్తుంది.

## 7. మేత

సహజమైన మేత ముందు, బస్తా మేత తరువాత. జింక గడ్డి మేసే జంతువు కాదు. అది పొదల ఆకులు, తీగలు, వెడల్పాకు కలుపు మొక్కలు, ఓక్ కాయలు ఏరుకుని తింటుంది. మనం కలుపు అని పీకేసేదే దానికి పంచభక్ష్య పరమాన్నం.

హిల్ కంట్రీలో జూనిపర్ కమ్మేసిన చోట కొంత నరికితే వెలుతురు పడి ఆ మొక్కలు లేస్తాయి. అంతా నరకవద్దు, జింకకు దాక్కునే చాటు కూడా కావాలి. ముదురు జూనిపర్ బెరడుతో గూడు కట్టే గోల్డెన్-చీక్డ్ వార్బ్లర్ అనే పిట్ట 1990 నుంచి అంతరించిపోతున్న జాతుల రక్షణలో ఉంది, ముదురు చెట్లను ముట్టకముందు జీవశాస్త్రవేత్తను అడగాలి. ఓక్ కొమ్మలను ఫిబ్రవరి నుంచి జూన్ వరకు కొట్టవద్దు. ఎప్పుడు కొట్టినా గాయానికి వెంటనే పెయింటు పూయాలి, లేకపోతే ఓక్ విల్ట్ అంటుకునే ప్రమాదం ఉంది.

మగ జింక శీతకాలం చివర కొమ్ములు రాల్చి, వసంతంలో మళ్లీ మొలిపించి, వేసవి చివరకు కొమ్ముల పైని మఖమలు లాంటి పొరను రుద్దేస్తుంది. కొమ్ము పెరిగేది ఆ నడుమ నెలల్లోనే. కాబట్టి 16 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉన్న గుళికల మేత పెట్టదలిస్తే ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టి సెప్టెంబరు దాకా ఆపకుండా పెట్టాలి. అక్టోబరులో పోసే మొక్కజొన్న జింకను రప్పిస్తుందే తప్ప కొమ్మును పెంచదు, అందులో ప్రోటీన్ పది శాతం కూడా ఉండదు. ఆ మొక్కజొన్న కూడా అఫ్లటాక్సిన్ (బూజు విషం) పరీక్ష చేసినదే కొనాలి. ఫీడరు చుట్టూ నడుము లోపు ఎత్తులో బలమైన జాలీ దడి కడితే పందులు ఆగిపోతాయి, జింకలు దూకి లోపలికి వెళతాయి.

## 8. వయసు గుర్తించడం, వదిలేయడం

తెల్లతోక జింక కొమ్ములు ఐదున్నర, ఆరున్నరేళ్ల వయసులో శిఖరానికి చేరుకుంటాయి. మూడున్నరేళ్లకు అందులో ముప్పావు వంతు వరకు వస్తాయి. రెండున్నరేళ్ల జింకకు ఎనిమిది కొనలు కనబడగానే వేలు ట్రిగ్గరు మీదికి పోతుంది, అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది అదే.

కొమ్ములను చూసి వయసు చెప్పలేం, ఒంటిని చూడాలి. కెమెరా ఫోటోలో పక్కనుంచి కనబడే జింక కొమ్ములపై బొటనవేలు అడ్డుపెట్టి చూడండి. కాళ్లు ఒంటికి మించి పొడవుగా, మెడ సన్నగా, నడుము లోపలికి పీక్కుని ఆడదానిలా ఉంటే అది ఏడాదిన్నరదో, రెండున్నరేళ్లదో. మూడున్నరేళ్లకు ఎదకాలంలో మెడ ఉబ్బుతుంది గాని, మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా తెలుస్తుంది. ఐదు దాటినదానికి మెడ నేరుగా రొమ్ములో కలిసిపోతుంది, పొట్ట జారి ఛాతీతో సమానంగా వేలాడుతుంది, కాళ్లు పొట్టివైనట్టు కనబడతాయి. సందేహం మిగిలితే కాల్చకూడదన్నదే నియమం.

చాలా కౌంటీలలో కొమ్ముల పరిమితి నియమం ఉంది. మగదాన్ని కాల్చాలంటే దానికి ఒక కొమ్మైనా చీలికలు లేకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలి. చెవులు ముందుకు నిక్కించినప్పుడు వాటి కొనలకు వెలుపలికి కొమ్ములు పోతే ఆ వెడల్పు ఉన్నట్టు స్థూలంగా లెక్క. మీ కౌంటీకి ఏది వర్తిస్తుందో, ఆడ జింకలకు ఏ రోజులో, ఆ ఏటి నియమాల్లో చూసుకోండి. రాష్ట్ర శాఖ నడిపే మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్‌లో చేరిన భూములకు సీజను పొడవు, ట్యాగుల (వేటాడగల జింకల) సంఖ్య వేరుగా ఉంటాయి.

చెడ్డ కొమ్ములవాటిని ఏరివేస్తే జాతి బాగుపడుతుందన్న నమ్మకం వేటగాళ్లలో గట్టిగా ఉంది. కెర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో దడుల మధ్య చేసిన పరిశోధనలు దానికి కొంత బలమిచ్చాయి. కానీ దక్షిణ టెక్సాస్‌లోని కమాంచీ రాంచ్‌లో సీజర్ క్లీబర్గ్ వన్యప్రాణి పరిశోధన సంస్థవారు ఏళ్ల తరబడి ఏరివేత సాగించి చూసినా కొమ్ముల పరిమాణం మెరుగుపడలేదు. నూరెకరాల యజమాని ఆ ఆలోచన మానుకోవడమే నయం.

ఆడ జింకల సంగతి వేరు. మేతకు మించి ఉన్నప్పుడు వాటిని నియమాలకు లోబడి తగ్గించాలి. ఇందాక చెప్పిన ఆకు మేసిన గీత ఉన్న భూమిలో కొమ్ములు పెరగడానికి ఇదే అన్నిటికన్నా చవకైన మార్గం, అయినా చాలామంది చేయడానికి ఇష్టపడరు.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ప్రతి వారాంతం భూమంతా తిరగడం. దాంతో పెద్ద మగవి రాత్రి మాత్రమే కదలడం మొదలుపెడతాయి. భూమి నడుమ కొంత జాగాను సీజను ముగిసేదాకా ఎవరూ అడుగుపెట్టకుండా వదిలేయండి.

ఒకే స్టాండు, ఒకే దారి. గాలి మారితే ఆ రోజు అక్కడ కూర్చోవడం దండగ. రెండు రకాల గాలికి రెండు స్టాండ్లు ఉండాలి.

ఎదకాలాన్ని తప్పుగా లెక్కించడం. హిల్ కంట్రీలో నవంబరు, దక్షిణ టెక్సాస్‌లో డిసెంబరు కీలకం. సెలవులు ఆ ప్రకారం పెట్టుకోండి.

వెంటనే ఎనిమిదడుగుల కంచె కట్టించడం. చిన్న భూమికి ఆ ఖర్చు తగదు. లోపలున్నా జింకలు రాష్ట్ర ప్రజల ఆస్తే, లోపల తామరతంపరగా పెరిగితే మేత బాధ్యతంతా మీ మీద పడుతుంది. అదే సొమ్ములో కొద్ది భాగంతో పొరుగువారిని ఒకరోజు భోజనానికి పిలిచి, ‘నాలుగేళ్లలోపు మగవాటిని ఎవరమూ కాల్చవద్దు’ అన్న ఒప్పందానికి రండి. టెక్సాస్‌లో ఇలా కలిసి నడిచే వన్యప్రాణి నిర్వహణ సంఘాలు చాలా కౌంటీలలో ఉన్నాయి, మీ దగ్గర ఉందేమో కౌంటీ జీవశాస్త్రవేత్తకు తెలుస్తుంది.

జింకలను చిక్కి చనిపోయేలా చేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధిని పట్టించుకోకపోవడం. ఇది టెక్సాస్‌లో 2012లో హ్యూకో కొండల మ్యూల్ జింకల్లో, 2015లో మెడీనా కౌంటీలోని పెంపక కేంద్రపు తెల్లతోక జింకల్లో బయటపడింది. కళేబరాన్ని ఎక్కడికి తరలించవచ్చో, మిగిలిన భాగాలను ఎలా పారవేయాలో నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏటా చూసుకోవాలి. చిక్కి శల్యమై, తల వాల్చి తిరిగే జింక కనబడితే కాల్చకుండా శాఖకు ఫోను చేయండి.

లెక్కలు రాసుకోకపోవడం. వేటాడిన ప్రతి జింకకూ తేదీ, బరువు, కొమ్ముల కొలతలు రాసి, కింది దవడ ఎముకను శుభ్రపరచి, దానిపై అదే సంఖ్య వేసి దాచండి. దంతాల అరుగుదలను బట్టి జీవశాస్త్రవేత్త వయసు చెబుతారు. మీరు ఐదేళ్లదనుకుని కాల్చినది మూడేళ్లదని తేలితే, ఆ జింక పాత కెమెరా ఫోటోలను దవడతో పాటు ముందు పెట్టుకుని, ఒంటిలో ఏ గుర్తును తప్పుగా చదివారో మరుసటి సీజనుకు ముందే వెతకండి.